ఖాకీ వేసుకుంటే గ్లాసు పట్టాల్సిందేనా?

ప్రశ్న: మాది అనంతపురం, బెంగళూరు కె.ఆర్.పురంలో స్థిరపడ్డాం. మా అమ్మాయి బీకాం చేసి కర్ణాటక పీఎస్ఐ (పోలీస్ సబ్ ఇన్‌స్పెక్టర్) పరీక్షకు చదువుతోంది. "అది మగాళ్ల డిపార్ట్‌మెంటు. విందుల్లో మందు ముట్టకపోతే పక్కన పెడతారు, ముడితే అలవాటవుతుంది" అని బంధువులు భయపెడుతున్నారు. మాన్పించమంటారా?

జవాబు: మాన్పించకండమ్మా. భయం ఉత్తదేమీ కాదు. కాకపోతే మీరు భయపడే చోటు వేరు, ప్రమాదం ఉన్న చోటు వేరు.

మగవాళ్లు తాగితే సరదా, ఆడమనిషి తాగితే స్టేషనంతా కథ. అందుకే తాగే ఆడవాళ్లు గుట్టుగా, ఇంట్లోనే తాగుతుంటారు. నైట్ డ్యూటీ దిగొచ్చాక నిద్ర పట్టదు. 'నిద్ర కోసం ఒక్క పెగ్గు' అని మొదలవుతుంది. మందు కన్ను మూయిస్తుంది గానీ నిద్రను నిలవనివ్వదు, కొన్ని గంటలకే మెలకువ. మర్నాడు రెండో పెగ్గు.

ఒక పెగ్గు, అంటే 30 మి.లీ. విస్కీలో సుమారు 10 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. 8 శాతం స్ట్రాంగ్ బీరు 650 మి.లీ. సీసా దాదాపు నాలుగు పెగ్గులకు సమానం. 'బీరే కదా' అనేవాళ్లకు ఈ లెక్క పట్టదు. ఆడవాళ్ల ఒంట్లో నీటి శాతం తక్కువ, అంతే తాగినా రక్తంలో ఎక్కువ చేరుతుంది. మగవాళ్లతో సమానంగా తాగి చూపిస్తానంటే ఒళ్లు ఒప్పుకోదు. 100 మి.లీ. రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటి బండి నడిపితే కేసు. రేపు రోడ్డు మీద జనం చేత గొట్టం ఊదించేది మీ అమ్మాయే మరి!

మొదటి విందులోనే "నేను తాగను సార్" అనేయాలి, కారణం చెప్పకూడదు. "ఇవాళ ఒంట్లో బాలేదు" అంటే వచ్చే విందులో మళ్లీ అడుగుతారు. చేతిలో నిమ్మకాయ సోడా ఉంటే ఇంకొకరు పోయరు. తన బండి మీదే వెళ్లి, తినగానే బయటపడాలి. బలవంతం లైంగిక వేధింపుగా మారితే పనిచేసే చోట ఆడవాళ్లపై లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టం కింద మూడు నెలల్లోపు ఆఫీసులోని అంతర్గత కమిటీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి.

అలవాటు పడిందని అనుమానం వస్తే మద్యం అలవాటు ఎంత ముదిరిందో తేల్చే ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి 'ఆడిట్' పది ప్రశ్నలకు జవాబులు రాసుకోమనండి. స్కోరు 8 గానీ, ఆపైన గానీ వస్తే డాక్టరును కలవాలి. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో వ్యసన చికిత్స విభాగం ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. చికిత్స వివరాలు గోప్యంగా ఉంచడం 2017 మానసిక ఆరోగ్య చట్టం ఇచ్చిన హక్కు. రోజూ ఎక్కువగా తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే వణుకు, ఫిట్స్ రావచ్చు, డాక్టరు కనుసన్నల్లోనే ఆపాలి.

ఇంట్లో మీ పని ఒకటుంది. తను నైట్ డ్యూటీ దిగిన ఉదయం గదికి మందపాటి కర్టెన్, ఫోన్ సైలెంట్. ఏడు గంటలసేపు ఎవరూ లేపకూడదు, కొరియర్ వాడు బెల్లు కొట్టినా సరే.