ఆ తెల్ల స్తంభాల ఇల్లు ఎవరిది?

ప్రశ్న: మా అబ్బాయి ఒహాయోలో ఒక చిన్న ఊళ్లో ఉంటాడు. వేసవిలో వెళ్లినప్పుడు మెయిన్ రోడ్డు మీద తెల్ల స్తంభాలు, పెద్ద వరండా, పూలకుండీలు ఉన్న ఇల్లు చూసి ఫంక్షన్ హాలేమో అనుకున్నాను. ఫ్యూనరల్ హోమ్ అట, అంటే శవాన్ని ఉంచి అంత్యక్రియలు జరిపించే చోటు! పక్క వీధిలో ఫర్నిచర్ షాపుకీ అదే ఇంటిపేరు. 'నాలుగు తరాలుగా మీ సేవలో' అని బోర్డు కూడా. చావుతో నాలుగు తరాల వ్యాపారమేమిటండీ?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఫర్నిచర్ షాపు మీ కంట పడింది చూడండి, సగం జవాబు అందులోనే ఉంది. ఒకప్పుడు అమెరికా పల్లెల్లో మనిషి పోతే స్నానం చేయించడం, బట్టలు తొడగడం, రాత్రంతా దగ్గర కూర్చోవడం అన్నీ ఇంటివాళ్లూ ఇరుగుపొరుగూ చూసుకునేవాళ్లు. బయటివాడితో పని పడేది శవపేటిక దగ్గరే. మంచాలూ బీరువాలూ చేసే ఊరి వడ్రంగే వచ్చి కొలత తీసుకుని అదీ చేసిచ్చేవాడు. తర్వాత తర్వాత బండి, గుర్రాలు కూడా తనే పెట్టుకున్నాడు, వచ్చినవాళ్లకి కుర్చీలు అద్దెకిచ్చాడు. మన టెంట్ హౌస్ వాళ్లు ఒక ఇంటికి పెళ్లి షామియానా, ఇంకో ఇంటికి ఫ్రీజర్ బాక్సు పంపడం లేదూ? అదే లెక్క.

వర్జీనియాలోని విలియమ్స్‌బర్గ్‌లో బెంజమిన్ బక్‌ట్రౌట్ అని 1760లలో ఒక వడ్రంగి ఉండేవాడు. ఫ్రీమేసన్లు అనే సోదర సంఘం వాళ్ల కోసం అతను చేసిన చెక్కడపు కుర్చీని ఇప్పటికీ అక్కడి మ్యూజియం వాళ్లు అపురూపంగా చూసుకుంటారు. 1770లో గవర్నర్ లార్డ్ బోటెటోర్ట్ చనిపోతే శవబండి అమర్చింది అతనే. ఆ ఇంటిపేరుతో ఫ్యూనరల్ హోమ్ మన కాలం దాకా ఆ ఊళ్లో ఉంది.

వడ్రంగి పనిని వేరే వృత్తిగా మార్చింది 1861 నాటి అంతర్యుద్ధం. ఎక్కడో దక్షిణాదిలో చనిపోయిన కుర్రాణ్ణి వేసవి ఎండల్లో రైల్లో ఇంటికి చేర్చాలి. ఐసు ఎన్నాళ్లు ఆగుతుంది? అందుకని రక్తనాళాల్లోకి మందు ఎక్కించి శవాన్ని నిలవ ఉంచే పద్ధతి పుంజుకుంది. థామస్ హోమ్స్ అనే ఆయన దీనికి పేరు మోశాడు. లింకన్‌కి ఇష్టుడైన కర్నల్ ఎల్స్‌వర్త్ యుద్ధం మొదట్లోనే చనిపోతే ఆ శవానికి మందు ఎక్కించింది ఆయనే. 1865లో లింకన్ పోయినప్పుడు ఆయన శవానికీ మందు ఎక్కించారు. ఆ శవపేటిక రెండు వారాల పాటు రైలు మీద ఊరూరా ఆగుతూ ఆయన సొంతూరు స్ప్రింగ్‌ఫీల్డ్ చేరింది. దారిపొడవునా లక్షల మంది ఆ ముఖాన్ని కళ్లారా చూశారు. ఇక మా నాన్నకీ అలాగే చేయించాలని మామూలు జనానికీ అనిపించదా? 1882కల్లా ఈ వృత్తివాళ్లకి జాతీయ సంఘం వచ్చేసింది.

మందు ఎక్కించే పని ఇంటి హాల్లో కష్టం. పైగా జనం ఆసుపత్రుల్లో చనిపోవడం ఎక్కువైంది, ఇళ్లు చిన్నవయ్యాయి. అందుకని ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఈ కుటుంబాలు ఊళ్లోని పాత పెద్ద ఇళ్లు కొని, కింద వ్యాపారం పెట్టి పైన కాపురం ఉన్నాయి. మీరు చూసిన స్తంభాల ఇల్లు అలాంటిదే అయివుంటుంది. మా అమ్మాయి పెన్సిల్వేనియాలో ఉన్నప్పుడు వాళ్ల వీధి చివర ఇలాంటి ఇల్లే ఉండేది. మూడో తరం పెద్దాయన తన చిన్నతనం చెప్పుకొచ్చాడు. కింద జనం ఉంటే పైన పిల్లలు పరిగెత్తకూడదు, రేడియో పెట్టకూడదు, చేప వేయించకూడదు. ఇవి వాళ్లమ్మ శాసనాలు. అన్నిటికంటే చేప విషయంలోనే ఆవిడ కఠినం!

ఇంకో సంగతి వింటే ఆశ్చర్యపోతారు. ఈ కుటుంబాలే ఊరికి అంబులెన్సు కూడా నడిపేవి. మనిషిని పడుకోబెట్టి తీసుకెళ్లే బండి ఊళ్లో వాళ్ల దగ్గరే ఉండేది మరి. 1966లో వచ్చిన ఒక ప్రసిద్ధ నివేదిక దేశంలో సగం అంబులెన్సులు వీళ్లవేనని లెక్క కట్టింది. కాన్పు నొప్పులకీ అదే బండి, కాటికీ అదే బండి. తర్వాత కఠినమైన నిబంధనలు రావడంతో వీళ్లు ఆ పని వదిలేశారు. తెల్లవాళ్ల హోములు నల్లవాళ్ల శవాలను ముట్టని రోజుల్లో నల్లజాతి కుటుంబాలు తమ సొంత హోములు పెట్టుకున్నాయి. తెల్లవాళ్ల దయ మీద బతకక్కర్లేని వ్యాపారం కావడంతో పౌరహక్కుల ఉద్యమంలో వాళ్లు ధైర్యంగా నిలబడగలిగారు.

చావుతో వ్యాపారమా అని అడిగారు. వ్యాపారమే. కానీ తాతకీ నానమ్మకీ చేసినవాడు రేపు మనకీ చేయాలి కాబట్టి, ఊళ్లో తలెత్తుకు తిరగాలి కాబట్టి, మోసం చేయడానికి జంకుతాడు. బోర్డు మీది ఇంటిపేరుకి విలువ అందుకే. 1962లో హ్యూస్టన్‌లో మొదలైన ఒక కంపెనీ లాంటివి ఇలాంటి హోములను వందల్లో కొన్నాయి. కొన్నా పాత ఇంటిపేరు చాలాచోట్ల అలాగే ఉంచేశాయి! కాబట్టి బోర్డు చూసి మాత్రం నమ్మకండి, ఓనరు ఎవరో అడగండి.

ప్రశ్న: ఎనభై దాటిన మా మామగారు టెక్సాస్‌లో మా దగ్గరే ఉంటున్నారు. మాది చిన్న ఊరు. రేపు ఏదైనా జరిగితే మన పద్ధతిలో దహనం కుదురుతుందా? శవపేటిక కొనాల్సిందేనా? ఫ్యూనరల్ హోమ్ వాళ్లకి ఫోన్ చేసి అడగాలంటేనే టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకుడు, టెక్సాస్

జవాబు: టెన్షన్ ఎందుకు బాబూ? 1984 నుంచి అమల్లో ఉన్న కేంద్ర నిబంధన ప్రకారం ఫోన్‌లో ధర అడిగితే వాళ్లు చెప్పి తీరాలి. నేరుగా వెళితే ధరల పట్టీ చేతికివ్వాలి. దర్శనం లాంటివేమీ లేకుండా నేరుగా దహనానికైతే శవపేటిక కొననక్కర్లేదు, అట్టపెట్టె లాంటిది చాలు.

దహనం అక్కడ ఇప్పుడు కొత్తేమీ కాదు. పూడ్చేవాళ్లకంటే దహనం చేయించుకునేవాళ్లే ఎక్కువ. ఆధునిక పద్ధతిలో మొదటిది 1876 డిసెంబర్‌లో, పెన్సిల్వేనియాలోని వాషింగ్టన్ అనే చిన్న ఊళ్లో జరిగింది. లెమోయిన్ అనే డాక్టరు తన స్థలంలో కట్టించిన రెండు గదుల ఇటుక కట్టడంలో బారన్ డి పామ్ అనే దివ్యజ్ఞాన సమాజ సభ్యుణ్ణి దహనం చేశారు. మే నెలలో పోయిన మనిషిని, కొలిమి లేక అన్ని నెలలూ మందు పెట్టి ఉంచారు. దగ్గరుండి చేయించిన ఆల్కాట్ దొరే, అంటే ఆ సమాజం పెట్టినవాళ్లలో ఒకాయనే, తర్వాత మన అడయారు వచ్చాడు, 1907లో అక్కడే పోయాడు, ఆయన్నీ దహనమే చేశారు.

మీరు ముందుగా అడగాల్సినవి కొన్ని. దహనశాల హోములోనే ఉందా, వేరే ఊళ్లోనా? ఎంతమందిని లోపలికి రానిస్తారు? పెద్దకొడుకు చేత బటన్ నొక్కిస్తారా? కర్పూరం వెలిగించనిస్తారా? మామగారికి పేస్‌మేకర్ ఉంటే తప్పకుండా చెప్పండి, తీయకపోతే కొలిమిలో పేలుతుంది. అస్థికలు విమానంలో తెచ్చేట్టయితే లోహపు కలశం వద్దు, ఎక్స్‌రేలో లోపలేముందో కనబడక ఆపేస్తారు. చెక్కదో ప్లాస్టిక్‌దో తీసుకుని, మరణ ధ్రువపత్రం, దహనం చేసినట్టు ఇచ్చిన కాగితం హ్యాండ్‌బ్యాగులోనే పెట్టుకోండి.