చైనాకు తొలి కంటైనర్ పంపబోతున్న మేనకోడలికి

అమ్మాయ్ శిరీషా,

ఎగుమతికి కావాల్సిన ఐఈసీ నంబరు వచ్చిందనీ, స్పైసెస్ బోర్డులో రిజిస్ట్రేషన్ అయిందనీ, ఇక తేజ రకం మిరపకాయ కొని చైనాకు పంపడమే తరువాయి అనీ రాశావు. చాలా సంతోషం. సరుకు కొనేముందు మాత్రం ఒకటి తేల్చుకో. డబ్బు రాకపోతే ఎవరి తలుపు తడతావు?

గుంటూరు యార్డులో ఈ ప్రశ్న పుట్టదు. రైతుకు కమీషన్ కొట్టు తెలుసు, కొట్టుకు కొనేవాడు తెలుసు. మాట తప్పినవాడికి మర్నాడు టిక్కీ (మిరప బస్తా) విప్పి చూపించేవాడు ఉండడు. చైనాలోని చింగ్‌డావ్ రేవులో దిగిన సరుకుకు ఆ కట్టుబాటు లేదు. మన కోర్టు డిక్రీ చేతిలో ఉన్నా అక్కడ అమలు చేయించుకోవడం దాదాపు అసాధ్యం. కోర్టు బయట మధ్యవర్తి ఇచ్చే ఆర్బిట్రేషన్ తీర్పుకైతే దారి ఉంది, అలాంటి తీర్పుల్ని అమలు చేయాలనే 1958 నాటి న్యూయార్క్ ఒప్పందంలో రెండు దేశాలూ ఉన్నాయి. కాబట్టి తగాదా వస్తే సింగపూర్‌లో ఆర్బిట్రేషన్ అని కాంట్రాక్టులో రాయించు. ఒక్క కంటైనర్ కోసం అక్కడిదాకా వెళితే ఖర్చే సరుకు విలువను మించిపోవచ్చు, అందుకే అడ్వాన్సు లేకుండా లోడింగ్ మొదలుపెట్టకు.

ఎల్‌సీ మీద, అంటే కొనుగోలుదారుడి బ్యాంకు రాసిచ్చే చెల్లింపు హామీ మీద పంపుతున్నావంటే ఇది బాగా గుర్తుపెట్టుకో. 2007 నుంచి ప్రపంచమంతా నడుస్తున్న యూసీపీ 600 నిబంధనల ప్రకారం బ్యాంకు చూసేది కాగితాలనే, మిరపకాయల్ని కాదు. ఎల్‌సీలో 'తొడిమ తీసిన తేజ' అని ఉండి నీ ఇన్వాయిస్‌లో 'తేజ' అని మాత్రమే ఉందనుకో, డిస్క్రిపెన్సీ, అంటే తేడా ఉందని కాగితాలు ఆపేస్తారు. కాయ ఎంత ఎర్రగా ఉన్నా, ఒక్క తాలు కాయ లేకపోయినా లాభం లేదు. అప్పుడు బ్యాంకు కొనుగోలుదారుడి అంగీకారం అడుగుతుంది. ఆలోగా ధర పడిపోయి ఉంటే బేరం వాడి చేతిలోకి పోతుంది. ఎల్‌సీ రాగానే అక్షరం అక్షరం చదువు. కుదరని షరతు ఉంటే సవరణ అడుగు. సరుకు ఎక్కాక అడిగితే ఎవరూ వినరు.

ఇక కాగితాల్లో కనిపించనిది. చైనా వ్యాపారి అసలు మాట్లాడేది వీచాట్ అనే మెసేజింగ్ యాప్‌లో. 2020 జూన్‌లో మన ప్రభుత్వం నిషేధించిన 59 యాప్‌లలో అదీ ఉంది. రేటు, తేమ, షిప్‌మెంట్ తేదీ అన్నీ చకచకా తేలిపోయే దారి మూతపడింది. అందుకే ఇద్దరికీ తెలిసిన బ్రోకర్ ఉండాలి. వాడి కమీషన్ మిగులుతుంది కదా అని రెండో ఆర్డరుకే వాణ్ణి పక్కకు తప్పించకు. ఆ కబురు నీకన్నా ముందు అవతలికి చేరుతుంది. బ్రోకర్ ఫోన్లో చెప్పిన ప్రతి మాటనూ అదే రోజు ఈమెయిల్లో రాసి ఇద్దరికీ పంపు.

వీలైతే ఒకసారి వెళ్లిరా. 2025 అక్టోబరులో కోల్‌కతా నుంచి గ్వాంగ్‌జౌకు నేరుగా విమానం మళ్లీ మొదలైంది. వాళ్లు ముందు భోజనానికి పిలుస్తారు, అక్కడ రేటు ఎత్తకు. మాంసం తిననని ముందే కబురు చెయ్యి, ఎవరూ ఏమీ అనుకోరు. విజిటింగ్ కార్డు రెండు చేతులతో ఇచ్చి, వాళ్లదీ అలాగే పుచ్చుకో.

మార్కెట్ పడినప్పుడు, సంతకమయ్యాక కూడా రేటు తగ్గించమంటారు. మోసమని కోప్పడకు. కాంట్రాక్టును వాళ్లలో చాలామంది పరిచయానికి మొదలుగా చూస్తారు, కష్టం వస్తే కలిసి మోయాలంటారు. నా పద్ధతి ఏమిటంటే, ఈ బిల్లులో పైసా తగ్గించను, వచ్చే ఆర్డరులో చూసుకుందామంటాను. నిజంగా వ్యాపారం కావాలనుకునేవాడు ఒప్పుకుంటాడు. ఒప్పుకోనివాడితో రెండో కంటైనర్ పెట్టుకోవద్దు.

వాళ్ల కొత్త సంవత్సరం సెలవులు జనవరి, ఫిబ్రవరిల్లో వస్తాయి. మన కొత్త కాయ జోరందుకునేదీ దాదాపు అప్పుడే. ఆ రోజుల్లో జవాబు రాకపోతే కంగారుపడి రేటు తగ్గించకు.

యూరప్ సంగతి తర్వాత చూద్దాం. అక్కడ బూజు వల్ల పుట్టే విషం అఫ్లాటాక్సిన్‌లో బీ1 రకానికి పరిమితి 5 పీపీబీ (వంద కోట్ల పాళ్లలో 5), అన్ని రకాలూ కలిపి 10. కల్లంలో పట్టా మీద ఆరబెట్టే రైతులు దొరికాకే ఆ మాట.

లోడింగ్ రోజున కొనుగోలుదారుడి మనిషి ఎదుటే నమూనా తీసి సీల్ వేయించు. ఒకటి వాళ్లకు పంపి, ఒకటి కోల్డ్ స్టోరేజీలో పెట్టు. ఆఖరి రూపాయి బ్యాంకులో పడేదాకా దాన్ని కదిలించకు.

ఆశీస్సులతో,
నీ మావయ్య