చవక సాఫ్ట్‌వేర్‌తో ఐటీ రిటర్నులు: తప్పు జరిగితే ఎవరి మెడకు?

ప్రశ్న: పాలకొల్లులో పద్దెనిమిదేళ్లుగా ఐటీ రిటర్నులు వేస్తున్నాను. సీఏని కాదు, ట్యాక్స్ ప్రాక్టీషనర్‌ని. దాదాపు 400 ఫైళ్లున్నాయి. రొయ్యల రైతులు, టీచర్లు, పెన్షనర్లు, గల్ఫ్‌లో పనిచేసే కోనసీమ వాళ్లు నా క్లయింట్లు. ఇప్పుడున్న సాఫ్ట్‌వేర్‌కి ఏడాదికి రూ. 16,000 కడుతున్నాను. ఆన్‌లైన్‌లో నడిచే కొత్తది ఒకటి రూ. 2,500కే ఇస్తామంటున్నారు. క్లయింటు పాన్ నంబరు, ఆదాయపు పన్ను శాఖ పోర్టల్ పాస్‌వర్డు ఇస్తే వివరాలన్నీ అదే తెచ్చుకుని రిటర్ను తయారుచేస్తుందట. తీసుకోవచ్చా? లెక్క తప్పితే బాధ్యత కంపెనీదా, నాదా?

జవాబు: రెండో ప్రశ్న తేలితేనే మొదటిది తేలుతుంది కాబట్టి అక్కడి నుంచే వస్తాను. లెక్క తప్పితే ఆదాయపు పన్ను శాఖకు జవాబు చెప్పాల్సింది మీ క్లయింటు. క్లయింటుకు జవాబు చెప్పాల్సింది మీరు. సాఫ్ట్‌వేర్ కంపెనీ ఈ వరసలో అందరికంటే వెనుక ఉంటుంది, అదీ మీరు పట్టుకుని లాగితేనే ముందుకొస్తుంది.

ఆదాయపు పన్ను చట్టం-1961లోని 140వ సెక్షన్ ప్రకారం రిటర్నును ధ్రువీకరించాల్సింది పన్ను చెల్లింపుదారే. మన దగ్గర జరిగేదేమిటో మీకు తెలియనిది కాదు. ‘ఆడిటరు గారూ, మీరే చూసుకోండి’ అని ఫోన్లో ఓటీపీ చెప్పేసి చెరువు గట్టు మీదికి వెళ్లిపోతారు. ఆ ఓటీపీయే చట్టం దృష్టిలో సంతకం. ఇక మీ సంగతి: ఫీజు తీసుకుని ఒకరి పని నెత్తికెత్తుకున్నవాడు తగిన నేర్పుతో చేయాలి, తన అజాగ్రత్త వల్ల నేరుగా జరిగిన నష్టాన్ని భర్తీ చేయాలి అని కాంట్రాక్టు చట్టం 212వ సెక్షన్ చెబుతోంది. ‘కంప్యూటర్ అలా లెక్కకట్టింది’ అన్నది అక్కడ చెల్లదు. పొరపాటు నిజాయతీగా జరిగిందనీ, వివరాలన్నీ ముందే బయటపెట్టామనీ చూపగలిగితే క్లయింటు పెనాల్టీ నుంచి తప్పించుకోవచ్చు. 2012లో ప్రైస్ వాటర్‌హౌస్ కూపర్స్ కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి మానవ పొరపాటుకు పెనాల్టీ కూడదంది. కానీ పన్ను, వడ్డీ మాత్రం కట్టక తప్పదు.

మొదటి ప్రశ్నకు వస్తే, నా భయం ధర గురించి కాదు. రూ. 2,500 సాఫ్ట్‌వేర్ కూడా కూడికలు సరిగానే చేస్తుంది. అది అడగని ప్రశ్నలు కొన్నుంటాయి, ఇబ్బంది అక్కడే.

ఒక టీచరు గారిని తీసుకోండి. జీతం ఫారం-16లో ఉంది, బ్యాంకు వడ్డీ ఏఐఎస్‌లో (శాఖ దగ్గరుండే వార్షిక సమాచార పట్టికలో) ఉంది. సాఫ్ట్‌వేర్ రెండూ తెచ్చుకుని ఐటీఆర్-1 అనే సులువు రిటర్ను ఫారం తయారుచేసి పెడుతుంది. ఆయనకు ఊళ్లో రెండెకరాల వరి పొలం ఉంది, కౌలు కింద ఏటా బస్తాలో డబ్బో వస్తుంది. ఆ కౌలు ఏ ఫారంలోనూ కనిపించదు. అది వ్యవసాయ ఆదాయమే, పన్ను లేదు. కానీ రూ. 5,000 దాటితే ఐటీఆర్-1 వేయడానికి వీల్లేదు, ఐటీఆర్-2కి వెళ్లాలి. పైగా మిగతా ఆదాయం పన్ను పరిమితి దాటితే, పన్ను రేటు తేల్చేటప్పుడు ఈ కౌలునూ కలిపి చూస్తారు. ‘పొలం ఉందా మాస్టారూ?’ అని అడిగేది మీరే. పద్దెనిమిదేళ్లుగా మీ ఫీజు ఆ ప్రశ్నకే వస్తోంది.

రొయ్యల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. మనం రొయ్యల సాగు అంటాం, రైతు అంటాం. పన్ను శాఖ మాత్రం దాన్ని వ్యాపారంగానే చూస్తుంది. తొందరలో ఎవరో వ్యవసాయం గడిలో అంకె వేసేస్తే రొయ్యలు పట్టి అమ్మిన డబ్బంతా మినహాయింపులోకి వెళ్లిపోయి, తర్వాత నోటీసుగా తిరిగొస్తుంది. లెక్కల పుస్తకాలు రాసే రైతుకైతే తరుగుదల (ఆస్తి అరిగినందుకు ఏటా ఖర్చుగా తగ్గించుకునే మొత్తం) సంగతి ఉంది. రొయ్యల పెంపకం కోసం ప్రత్యేకంగా తీర్చిన చెరువు ‘ప్లాంట్’ కిందకే, అంటే యంత్రసామగ్రిలా తరుగుదల దొరికే ఆస్తి కిందకే వస్తుందని 2015లో విక్టరీ ఆక్వా ఫామ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆస్తుల పట్టికలో ‘చెరువు’ అనే మాటే లేని సాఫ్ట్‌వేర్ దాన్ని భూమి అంటుంది, తరుగుదల సున్నా వేస్తుంది. తప్పుగా లెక్కకట్టానని అది మీకు చెప్పదు.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది రొయ్యలకు వైట్‌స్పాట్ తెగులు వచ్చిన ఏడాది. ఒక్క పంటలో సీడు, మేత డబ్బు నీళ్లపాలవుతుంది. చిన్న వ్యాపారాలు పుస్తకాలు లేకుండా అంచనా లాభం చూపే 44ఏడీ సెక్షన్ కింద టర్నోవరు మీద 8 శాతం, డిజిటల్ వసూళ్ల మీద 6 శాతం లాభం చూపించి చేతులు దులుపుకోవడం సాఫ్ట్‌వేర్‌కి సులువు. నిజంగా నష్టపోయిన రైతు లేని లాభానికి పన్ను కడతాడు. నష్టం చూపాలంటే పుస్తకాలుండాలి, కొన్ని సందర్భాల్లో ఆడిట్ చేయించాలి. ఆ నష్టాన్ని ఎనిమిదేళ్లు ముందుకు తీసుకెళ్లి రాబోయే లాభంలో తగ్గించుకోవాలంటే రిటర్ను గడువులోపు పడాలి. ఆలస్య రుసుము మహా అయితే రూ. 5,000, ఆదాయం రూ. 5 లక్షల లోపైతే రూ. 1,000. కానీ ఆఖరి రాత్రి సర్వరు మొరాయించి గడువు దాటితే, లక్షల్లో ఉన్న వ్యాపార నష్టాన్ని ముందుకు తీసుకెళ్లే హక్కు పోతుంది. కంపెనీ మీకు తిరిగిచ్చేది ఆ రూ. 2,500 మాత్రమే, ఎందుకంటే షరతుల్లో సాధారణంగా ‘మా బాధ్యత మీరు చెల్లించిన రుసుముకే పరిమితం’ అని రాసి ఉంటుంది.

గల్ఫ్ వాళ్లకు ఐటీఆర్-1 పనికిరాదు. వాళ్లు పన్ను లెక్కలో ఇక్కడి నివాసులో కాదో తేల్చడానికి, ఎన్ని రోజులు ఇక్కడున్నారో పాస్‌పోర్టు చూసి లెక్కపెట్టుకోండి.

ఇక పాస్‌వర్డు. ఇక్కడ నా సలహాలో మినహాయింపులేమీ లేవు: ఇవ్వకండి. క్లయింటు తరఫున రిటర్నులు పంపడానికి శాఖ దగ్గర నమోదైన సంస్థలను ఈ-రిటర్న్ ఇంటర్మీడియరీలు అంటారు. వాళ్లు క్లయింటు ఓటీపీ అనుమతితో ఆయన్ని తమ ఖాతాలో చేర్చుకుంటారు, పాస్‌వర్డు అక్కర్లేదు. ఆ నమోదు నంబరు చూపమని అడగండి. ఆ తర్వాత క్లయింటు తన పోర్టల్‌లో ‘ఆథరైజ్డ్ పార్ట్‌నర్స్’ కింద చూస్తే ఎవరి పేరుందో కనిపిస్తుంది. నమోదు లేకుండా పాస్‌వర్డే అడిగేవాళ్లు 400 కుటుంబాల బ్యాంకు ఖాతాలు, రిఫండ్లు, ఆధార్ వివరాలు ఉన్న తలుపు తాళంచెవి అడుగుతున్నట్టే. ఎక్కడైనా దుర్వినియోగం జరిగితే పోలీసులు మొదట అడిగేది పాస్‌వర్డు ఇచ్చిన మిమ్మల్నే. మరొకరి పాస్‌వర్డును మోసపూరితంగా వాడితే సమాచార సాంకేతిక చట్టం-2000లోని 66సీ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు ఉంది. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం-2023 కింద కూడా, మీరు పని అప్పగించిన కంపెనీ చేసిన తప్పుకు మీరే బాధ్యులు. ‘మాకు సంబంధం లేదు’ అని ఎవరితో ఎలాంటి ఒప్పందం రాసుకున్నా చెల్లదు. ఆ బాధ్యతలు దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి, కాబట్టి ఇప్పటి నుంచే అలవాటు చేసుకోండి.

దీనితో ముడిపడిన మరో అలవాటు మార్చుకోమని బతిమాలుతున్నాను. పోర్టల్‌లో క్లయింటు ఫోన్, ఈమెయిల్ ఉండాల్సిన చోట మన నంబరు పెట్టేస్తాం. రిటర్నులో లోపం ఉందని 139(9) నోటీసు వస్తే సవరించుకోవడానికి సాధారణంగా 15 రోజులే గడువు. రాజోలు వైపు నుంచి ఒక పెన్షనరు నా దగ్గరికొచ్చారు. నోటీసు ఎవరూ తెరవని ఈమెయిల్‌కి వెళ్లింది, రిటర్ను చెల్లదన్నారు. ఆ పెద్దాయన ‘నాకెవరూ చెప్పలేదు బాబూ’ అన్నప్పుడు నా దగ్గర మాటల్లేవు.

‘ఎక్కువ రిఫండు వస్తుంది’ అని ప్రకటించుకునే సాఫ్ట్‌వేరయితే దగ్గరికే వెళ్లొద్దు. లేని మినహాయింపులు చూపించి రిఫండ్లు తెప్పించిన మధ్యవర్తుల మీద 2025 జులైలో దేశవ్యాప్తంగా 150 చోట్ల సోదాలు జరిగాయి. తప్పుడు రిటర్నుకు ప్రోత్సహించినవారిని శిక్షించే 278వ సెక్షన్ మీకూ వర్తిస్తుంది.

కంపెనీ మీద వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చా అంటే, మీరొక్కరే కూర్చుని జీవనోపాధి కోసం ఈ పని చేసుకుంటుంటే దారి ఉంది. మీరున్న జిల్లాలోనే ఫిర్యాదు వేయొచ్చు, బెంగళూరు వెళ్లక్కర్లేదు. నలుగురు గుమస్తాలను పెట్టి నడుపుతుంటే మాత్రం వాణిజ్య అవసరం అంటారు. ఒక కంపెనీ కొన్న సాఫ్ట్‌వేర్ విషయంలో 2025లో సుప్రీంకోర్టు అదే అంది.

మీ చోట నేనుంటే ఈ ఏడాది టీచర్ల, పెన్షనర్ల ఫైళ్లే కొత్తదానిలో వేస్తాను, అదీ ఆ కంపెనీ నమోదైన ఇంటర్మీడియరీ అయితేనే. రొయ్యల ఫైళ్లు, గల్ఫ్ ఫైళ్లు పాతదానిలోనే ఉంచుతాను. డబ్బు కట్టే ముందు, నిరుడు వేసిన మూడు రకాల రిటర్నులు అందులో మళ్లీ వేసి పన్ను రూపాయితో సహా కలుస్తుందో లేదో చూస్తాను. శాఖవారి ఉచిత యుటిలిటీలో పెట్టి సరిచూసుకోవడానికి రిటర్ను వివరాలుండే జేసన్ ఫైలు ఇస్తుందో లేదో అడుగుతాను. ఆదాయపు పన్ను చట్టం-2025 ఏప్రిల్ 1, 2026 నుంచి అమలవుతోంది, 2025-26 ఆర్థిక సంవత్సరపు రిటర్నులు మాత్రం 1961 చట్టం కిందే వేయాలి. రెండు చట్టాలనూ అది పక్కపక్కన నడపగలదా అన్నది రాతపూర్వకంగా తీసుకుంటాను. చందా అయిపోయాక పాత ఫైళ్లు తెరుచుకోకపోతే కష్టం. రూ. 50 లక్షలు, ఆపైన ఆదాయం తప్పిపోయిందంటే అసెస్‌మెంట్ సంవత్సరం (ఆదాయం వచ్చిన ఆర్థిక సంవత్సరం తర్వాతి ఏడాది) ముగిశాక అయిదేళ్ల మూడు నెలల దాకా నోటీసు రావచ్చు. అందుకే ప్రతి రిటర్నూ, లెక్కల కాగితమూ దింపుకుని మీ దగ్గరే ఉంచుకోండి. ఆ కంపెనీ షరతుల పేజీని కూడా కొన్న రోజు తేదీతో ప్రింటు తీసి అదే బీరువాలో పెట్టండి. తర్వాత వాళ్లు దాన్ని మార్చినా, మీరు ఒప్పుకున్నదేమిటో కాగితం మీద ఉంటుంది.