బొటనవేలి కీహోల్ ఆపరేషన్ గురించి చెల్లెలికి

చిరంజీవి చెల్లాయికి అక్క ఆశీస్సులు.

ముగ్గు వేస్తుంటే కుడి బొటనవేలి మొదట్లో సూదులు గుచ్చినట్లు ఉంటోందనీ, సీసా మూత కూడా తిప్పలేకపోతున్నావనీ, డాక్టరుగారు కీహోల్ ఆపరేషన్ మాట ఎత్తారనీ రాశావు. రెండేళ్ల క్రితం నేనూ అదే చేయించుకున్నాను గనుక నాకు తెలిసినది చెబుతాను.

ముందు నొప్పి ఎక్కడిదో తేల్చుకో. నాకు మొదట చూసిన డాక్టరు మణికట్టు పక్కనున్న స్నాయువు వాపని చెప్పి ఆరు నెలలు మందులు వాడించారు. ఎక్స్‌రే తీశాకే, బొటనవేలి ఎముకకూ మణికట్టులోని ట్రెపీజియం అనే చిన్న ఎముకకూ మధ్య మెత్తలా ఉండే మృదులాస్థి అరిగిపోయిందని బయటపడింది. వేలికొసల మధ్య కిలో బలంతో నొక్కితే ఆ కీలు మీద సుమారు 12 కిలోల ఒత్తిడి పడుతుందట. గట్టి మూత తిప్పినప్పుడు ప్రాణం ఎందుకు లేచిపోయేదో అప్పుడు తెలిసింది.

ఈ అరుగుదలను 4 దశలుగా లెక్కిస్తారు, నీది ఏ దశో తప్పక అడుగు. వేలు కదలకుండా పట్టి ఉంచే స్ప్లింట్, చేతి వ్యాయామాలు, అవసరమైతే స్టెరాయిడ్ ఇంజెక్షన్, ఇవన్నీ కొన్ని నెలలు ప్రయత్నించకుండా ఆపరేషన్‌కు ఒప్పుకోకు. కీహోల్ పద్ధతిలో రెండు చిన్న గాట్లు పెట్టి, దాదాపు 2 మిల్లీమీటర్ల మందమున్న కెమెరాతో లోపల చూస్తూ వాచిన పొరను శుభ్రం చేస్తారు, అవసరాన్ని బట్టి ట్రెపీజియం పైభాగాన్ని కొంత చెక్కివేస్తారు. పక్క కీలు కూడా అరిగిన నాలుగో దశలో సాధారణంగా ఇది చాలదు. అప్పుడు ఆ ఎముకను పూర్తిగా తీసివేసే పాత పద్ధతే మేలని నా అభిప్రాయం.

గాటు చిన్నదైతే కోలుకోవడమూ తేలికేననుకోవడం నేను చేసిన పొరపాటు. కుట్లు తీశారు కదా అని మూడో వారంలో కొబ్బరి కోరడానికి కూర్చున్నాను. చేయి వాచి, మరో నెల స్ప్లింట్‌లోనే ఉండవలసి వచ్చింది. పట్టు పూర్తిగా రావడానికి నెలలు పట్టింది. అక్కడ చర్మస్పర్శనిచ్చే సన్నని నరాలూ, ఒక ధమనీ ఉంటాయి కాబట్టి, ఇలాంటివి తాము స్వయంగా ఎన్ని చేశారో చేతి శస్త్రచికిత్స నిపుణుణ్నే మొహమాటం లేకుండా అడుగు. నీకు షుగర్ ఉంది, ముందు దాన్ని అదుపులోకి తెచ్చుకో.

ధనుర్మాసానికి ముందు తేదీ ఇస్తే మాత్రం వద్దను. ముగ్గుల నెలలో నువ్వు చేతులు కట్టుకుని కూర్చునే మనిషివి కావు. మాఘంలో పెట్టుకుంటే నేనే వచ్చి నెల రోజులు వంట చూసుకుంటాను.

ఇట్లు,
మీ అక్క