మునిగింది కథా, పాఠకుడా?

సందేహం: నీటి అడుగున ఉన్న ఒక లోకంలో నడిచే ఫాంటసీ కథ చదివాను. దాని మీద పాఠకులు రాసిన అభిప్రాయాలు కథకన్నా ఎక్కువ తికమక పెట్టాయి. ఒకరు ‘కథలో మునిగిపోయాను’ అన్నారు. ఒకరు ‘ముగింపు తేలిపోయింది’ అన్నారు. ‘సగం నుంచి నీరుగారింది’ అని మరొకరు. కథే నీళ్లలో జరుగుతోంది కాబట్టి ఇవి మెచ్చుకోళ్లో ఎత్తిపొడుపులో తేల్చుకోలేకపోయాను. ఒకాయన ఏకంగా నాయికను ‘జలాంతర్గామి’ అన్నారు. ‘ఇది అద్భుత కథ’ అంటే మెప్పా, ఫలానా రకం కథ అని చెప్పడమా? ‘నీటి కింద నగరం’ అనడం సరైనదేనా?

సమాధానం: ‘తేల్చుకోలేకపోయాను’ అని మీరే రాశారు. అందులోనూ నీరే ఉంది, గమనించారా? అడుగున ఉన్నది పైకొచ్చి కనబడటమే తేలడం. అందుకే విచారణలో నిజం తేలుతుంది, లెక్క తేలుతుంది. అయితే తేలేది బరువు లేనిదే కదా. ‘తేలిక’ అన్న మాటకూ, ‘ముగింపు తేలిపోయింది’ అన్న విమర్శకూ మూలం ఆ గుణమే. పస లేదని చెప్పడం అది, మెప్పు కాదు. అదే పాఠకుడు ‘ఆనందంలో తేలిపోయాను’ అని ఉంటే రచయితకు పండగే. కథ తేలితే తప్పు, చదివినవాడు తేలితే ఒప్పు.

మునగడానికీ ఇదే లెక్క. ‘కథలో మునిగిపోయాను’ అంటే ఒళ్లు మరిచి చదివానని. ‘కథ వర్ణనల్లో మునిగిపోయింది’ అంటే వర్ణనలు ఎక్కువై కథ కనబడకుండా పోయిందని. కాకపోతే కర్తను చూస్తే చాలదు, ‘లో’కు ముందున్న మాటను కూడా చూడాలి. పనిలో మునిగినవాణ్ని మెచ్చుకుంటాం, అప్పుల్లో మునిగినవాణ్ని చూసి జాలిపడతాం. ఇద్దరూ మునిగినవాళ్లే. ‘లో’ లేకుండా ఉత్త ‘మునిగాను’ అంటే మాత్రం నష్టమే. ‘ఈ పుస్తకం కొని మునిగాను’ అన్న వాక్యాన్ని ఏ ప్రచురణకర్తా అట్ట మీద వేసుకోడు.

మీరు ఉదహరించని వాక్యం ఒకటి ఊహించాను: ‘చివర్లో నాయిక తేలిపోయింది’. మామూలు కథ అయితే పాత్రచిత్రణ బలహీనపడిందని వెంటనే అర్థమయ్యేది. ఈ కథలో ఆమె నిజంగానే నీటిపైకి వచ్చి ఉండవచ్చు! జరిగినది చెప్పదలిస్తే ‘నాయిక నీటిపైకి తేలింది’ అనాలి, లోపం చెప్పదలిస్తే ‘నాయిక పాత్ర తేలిపోయింది’ అనాలి. ‘పైకి’ అన్న మాట చేర్చగానే తేలడం మళ్లీ అసలు తేలడమైపోతుంది.

‘నీరుగారింది’ విషయంలో ఆ ఇబ్బంది లేదు, ఎక్కడ వాడినా నిందే. నీరు, కారు కలిసి ‘నీరుగారు’ అయింది. ‘ప్రథమమీఁది పరుషములకు గసడదవలు బహుళముగా నగు’ అని చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో చెప్పిన సంధి ఇదే, అంటే ఇక్కడ ‘క’ ‘గ’గా మారడం. ఇందులో చక్కని సంగతేమిటంటే, నిజంగా నీరు కారేటప్పుడు వాడుకలో ‘క’ను అలాగే ఉంచుతాం: కంట నీరు కారింది. ఉత్సాహం, పథకం, పట్టుదల లాంటివి చప్పబడినప్పుడు ‘గ’ పలుకుతాం: ఉత్సాహం నీరుగారింది. ఒక్క అక్షరం తేడాతో అసలు నీరు, ఆలంకారిక నీరు విడిపోయాయి. అందుచేత ఆ పాఠకుడు నిస్సందేహంగా తప్పుపట్టారు. అన్నట్టు, ‘నీరసం’లో నీరు లేదు. అది నిర్, రసం కలిసిన సంస్కృత పదం. నీళ్లలో నడిచే కథ నీరసంగా సాగిందని ఎవరైనా రాస్తే చమత్కారంగా నవ్వుకోవచ్చు గానీ వ్యుత్పత్తి అనుకోకూడదు.

ఊపిరి మాటలతోనూ ఇలాంటి కథ దగ్గర జాగ్రత్త అవసరం. ‘ఊపిరి బిగబట్టి చదివాను’ అంటే ఉత్కంఠ, ‘ఊపిరాడలేదు’ అంటే ఉక్కిరిబిక్కిరి.

‘అద్భుత కథ’కు రెండర్థాలూ ఉన్నాయి. నవరసాల్లో అద్భుతం ఒకటి, దాని స్థాయిభావం, అంటే ఆ రసానికి మూలమైన భావం, విస్మయం. ఆ రసం ప్రధానంగా ఉన్న కథ అద్భుత కథ. ‘బాగుంది’ అనాల్సిన ప్రతిచోటా ‘అద్భుతం’ అనడం అలవాటై ఆ మాట అరిగిపోయింది. ఏ అర్థంలో వాడారో తెలియాలంటే ముందు ‘చాలా’ చేర్చి చూడండి. ‘చాలా అద్భుతమైన కథ’ పలుకుతుంది, అది మెప్పు. ‘చాలా అద్భుత కథ’ పలకదు, ఎందుకంటే రకానికి హెచ్చుతగ్గులుండవు. కాబట్టి మెప్పుకు ‘అద్భుతమైన’, రకానికి ‘అద్భుత’ అని పాటిస్తే గొడవ ఉండదు. కొందరు ‘కాల్పనిక కథ’ అంటున్నారు. కల్పన లేని కథ ఏది? పైగా మన సాహిత్య విమర్శలో కాల్పనికవాదం అంటే వేరే ధోరణి, ఇంగ్లీషులో రొమాంటిసిజం అనేది. దానికన్నా ‘ఫాంటసీ’ అనడమే నయమని నా అభిప్రాయం.

జలాంతర్గామి అంటే నీటి లోపల సంచరించేది. పదాన్ని భాగాలుగా విడదీసి చూస్తే మీ నాయికకు అతికినట్టే సరిపోతుంది. కానీ బురదలో పుట్టినవన్నీ పంకజాలు కానట్టే, నీటిలో తిరిగేవన్నీ జలాంతర్గాములు కావు. ఆ పదం ఓ రకం నౌకకు రూఢి అయిపోయింది. ‘జలచరం’ అందామంటే చేపలూ మొసళ్లూ అడ్డొస్తాయి. జలకన్య అనో సాగరకన్య అనో అంటే సరిపోయేది.

ఇక ‘నీటి కింద నగరం’. తెలుగులో ‘చెరువు కింద రెండెకరాలు’ అంటే ఆ చెరువు నీటితో పండే పొలం, మునిగిపోయిన పొలం కాదు. అందుకే ‘నీటి కింద’ అన్నది నాకు అనువాదపు వాసన కొడుతుంది. ఆ నగరం సముద్రపు నేల మీద కట్టినదైతే ‘సముద్రం అడుగున’ అనండి, నేలను తాకకుండా నడిమధ్యలో ఉంటే ‘నీటి లోపల’ అనండి.