ఏసీ వెనకే పావురం మళ్లీ మళ్లీ గూడు పెడుతుంటే

పుల్లలు తీసేసినా మీ బెంగళూరు ఫ్లాట్‌లో ఏసీ వెనక్కే పావురాలు వస్తున్నాయంటే, అక్కడ ఒకసారి పిల్లలు క్షేమంగా ఎగిరిపోయి ఉండొచ్చు. పిల్లలు బతికిన చోటును పావురం వదలదు. కొత్త చోటు వెతకడం ప్రమాదం, అందుకే ఈ అలవాటు తరతరాలుగా నిలిచింది. కొండచరియల్లో బతికిన జాతికి మన సజ్జా కూడా చరియే.

1. గుడ్లుంటే కదపకండి, పాపం. పొదగడానికి 18 రోజులు, పిల్లలు ఎగరడానికి ఇంకో నెల.

2. చాలామంది వదిలేసేది ఇదే: పిల్లలు ఎగరగానే రెట్టతో సహా కడగాలి. ఆలస్యమైతే మళ్లీ రెండు గుడ్లు పెట్టేస్తుంది. ఎండు రెట్ట ఊడ్చొద్దు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. మాస్కు వేసుకుని, బాగా తడిపి తీయండి.

3. ఆ రోజే 50 మి.మీ. కన్నుల వల బిగించండి, అంచుల్లో సందు లేకుండా.