అద్భుతానికి ఒక మూల చాలు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ చదివాను. వరదలో కొట్టుకుపోయిన పిల్లవాడు బతికి బయటపడటానికి పేజీలకు పేజీలు ఇచ్చావు. నీళ్లలో దిగాలా వద్దా అని గట్టు మీద తండ్రి తటపటాయించిన క్షణాన్ని మాత్రం ఒక్క వాక్యంలో దాటేశావు. నాకు కావలసింది ఆ తటపటాయింపు.

నువ్వొక బొమ్మ చూడాలి. ఫ్లోరెన్స్‌లో సాంతా మారియా దెల్ కార్మినే చర్చి ఉంది. అందులో బ్రాంకాచీ ప్రార్థనామందిరం గోడ మీద 1420ల నడుమ చిత్రకారుడు మసాచ్చో వేసిన 'పన్ను సొమ్ము' అది. కథ మత్తయి సువార్త 17వ అధ్యాయంలోది. కపెర్నహూములో దేవాలయపు పన్ను అడుగుతారు. సముద్రానికి వెళ్లి గాలం వెయ్యి, మొదట పడిన చేప నోట్లో నాణెం దొరుకుతుంది, అది కట్టెయ్యమంటాడు యేసు తన శిష్యుడు పేతురుతో.

మరొకరైతే ఆ చేపను నట్టనడుమ పెట్టి చుట్టూ వెలుగులు చిమ్మేవారు. మసాచ్చో దాన్ని ఎడమవైపు చివరికి నెట్టేశాడు. పేతురు పైవస్త్రం పక్కన పడేసి, మోకాళ్లు వంచి, నీటి ఒడ్డున చేప నోరు తెరుస్తున్నాడు. అక్కడ ఎవరూ నోరెళ్లబెట్టి చూడటం లేదు. కుడి చివర అదే పేతురు పన్ను చెల్లిస్తున్నాడు. బొమ్మ మధ్యభాగమంతా అడిగిన క్షణానిదే. పొట్టి అంగీ తొడుక్కున్న పన్ను వసూలుదారు మనకు వీపు చూపించి చెయ్యి చాచాడు. యేసు చెయ్యి నీటివైపు చూపుతోంది. పేతురు చెయ్యి కూడా అటే లేచింది, ముఖం మాత్రం ముడుచుకునే ఉంది. నమ్మకం కుదరకముందే చెయ్యి మాట విన్నదని నాకు అనిపిస్తుంది. అంత మాట చెప్పడానికి నీకూ నాకూ ఎన్ని వాక్యాలు పడతాయో ఆలోచించు!

వెలుగు సంగతీ గమనించు. ఆ గోడకు కుడివైపున, బలిపీఠం మీద, నిజమైన కిటికీ ఉంది. బొమ్మలోనూ వెలుగు కుడినుంచే వస్తుంది, నీడలు ఎడమకు పడతాయి. చూసేవాడు ఎక్కడ నిలబడతాడో తెలిసి వేసిన బొమ్మ.

మసాచ్చో 1428లో, ముప్ఫై ఏళ్లైనా నిండకుండానే పోయాడు. తర్వాతి తరాల చిత్రకారులు ఆ గోడ ముందు కూర్చుని నేర్చుకున్నారు. మైకెలాంజెలో యువకుడిగా ఉన్నప్పుడు కుడి చివరి పేతురును చూసి గీసుకున్న బొమ్మ ఇప్పటికీ మ్యూనిక్‌లో ఉంది.

నీకు గీయడం రాకపోతే రాయి. ఆ చేతులు ఒక్కొక్కటీ ఏం చేస్తున్నాయో ఒక పేజీ రాసి పంపు. అందులో విశేషణం ఒక్కటీ ఉండకూడదు.